వెనిస్‌లో కలత్రావా మెట్లు

పియాజ్జాలె రోమాలో బస్సు దిగాక శాంటా లూచియా రైల్వే స్టేషను ఎదురుగానే కనిపిస్తుంది, మధ్యలో గ్రాండ్ కెనాల్ అనే పెద్ద కాలువ. పడవెక్కితే ఒక్క స్టాపుకే అప్పట్లో 9.50 యూరోలు! అంత పోసే మనసు రాక, 2008లో తెరిచిన ఎర్ర స్టీలు వంతెనెక్కాను.

దీన్ని డిజైన్ చేసింది స్పెయిన్ ఆర్కిటెక్టు శాంటియాగో కలత్రావా. 1951లో వలెన్సియాలో పుట్టాడు. అక్కడే ఆర్కిటెక్చర్ చదివి, జ్యూరిక్ వెళ్లి సివిల్ ఇంజనీరింగ్ చేశాడు. 1981లో డాక్టరేటు. సెవిల్లెలో ఆలమిల్లో వంతెన (1992) చూసినవాళ్లకు ఆయన సత్తా చెప్పక్కర్లేదు. వెనక్కి వాలిన 142 మీటర్ల స్తంభం తన బరువుతోనే 200 మీటర్ల డెక్కును (నడిచే, బళ్లు తిరిగే పైభాగాన్ని) కేబుళ్లతో పట్టుకుంటుంది. వెనక వైపు ఒక్క కేబుల్ కూడా లేదు.

వెనిస్‌లో ఆర్చి మరీ చదును. దాదాపు 80 మీటర్ల స్పానుకు (ఒక కొస నుంచి మరో కొసకు దూరం) ఎత్తు 5 మీటర్లు కూడా లేదు. నా లెక్క ప్రకారం ఒడ్డు మీద పడే అడ్డతోపు (పక్కకు నెట్టే బలం), ఆర్చి మోసే మొత్తం బరువుకు రెండింతలు. ఒడ్లు ఒక సెంటీమీటరు ఎడమైతే ఆర్చి నడినెత్తి సుమారు మూడు సెంటీమీటర్లు దిగుతుంది. రాజమండ్రి ఆర్చి వంతెనకు ఈ బాధ లేదు. అది బౌస్ట్రింగ్, అంటే విల్లూ దాని తాడూ లాంటిది, తోపంతా కింది గర్డరే పట్టేస్తుంది, పిల్లర్ల మీదికి బరువు మాత్రమే వస్తుంది. వెనిస్‌లో కింద బురదనేల, అందుకే ఒడ్ల మీద ఓ కన్నేసి ఉంచాలి.

అయినా చిక్కంతా మెట్ల దగ్గరే. ఆర్చి వంపును బట్టి మెట్లు పెట్టారు కాబట్టి కొసల్లో పొట్టిగా, మధ్యకు వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. కాలికి ఒక అంచనా కుదిరేలోపే కొలత మారిపోతుంది. పైగా గాజు, రాయి పక్కపక్కనే. ఉప్పు తేమ పట్టి, వాన చినుకు పడితే గాజు మీద బూటు జారుతుంది. రాయి చూసుకుని అడుగేయాలి, పెట్టెను ఈడ్చకుండా ఎత్తుకోవాలి. చక్రం అంచుకు తగిలితే గాజుకూ దెబ్బే, పలకలు పగిలి మార్చాల్సి వచ్చింది కూడా.

నాకు మింగుడుపడనిది వేరే. స్పెయిన్‌లోని బిల్బావోలో ఆయనే 1997లో కట్టిన జుబిజురి వంతెన గాజు నేల మీదా జనం జారిపడ్డారు, చివరికి నల్ల తివాచీ పరిచారు. ఆ అనుభవం ఉండీ మళ్లీ గాజే! ఈ వెనిస్ వంతెన విషయంలోనే 2019లో ఇటలీ ఆడిట్ కోర్టు కలత్రావాకు 78 వేల యూరోల జరిమానా వేసింది. గాజు తీసి ట్రాకైట్ రాయి వేయడానికి నగరపాలక సంస్థ సుమారు 5 లక్షల యూరోలు పెట్టాలనుకుంది.

చక్రాల కుర్చీవాళ్ల సంగతి మొదట ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత వంతెన పక్కన గుడ్డు ఆకారంలో ఒక క్యాబిన్ తగిలించారు. 2013లో మొదలుపెట్టి 2020లో పీకేశారు. ఎండాకాలం లోపల కూర్చోలేని ఉక్క, పైగా నత్తనడక. ఇప్పుడు వాళ్లకు పడవే దిక్కు.