పేరు చెప్పొద్దన్న చందాలు

మన దగ్గర గుడికి సీలింగ్ ఫ్యాన్ ఇచ్చినవాళ్లు కూడా రెక్కల మీద ఇంటిపేరుతో సహా పేరు రాయించుకుంటారు. అలాంటి చోట ఒక పార్టీకి కోటి రూపాయల బాండ్లు వందలకొద్దీ కొనిచ్చి "నా పేరు మాత్రం బయటికి రాకూడదు" అన్నారంటే, అది వినయం వల్ల కాదని వేరే చెప్పక్కర్లేదు.

ఎన్నికల బాండ్ల గురించే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ పథకాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది, ఓ నెల రోజులు టీవీల్లో హడావుడి నడిచింది, తర్వాత ఎన్నికలొచ్చాయి, అందరూ మర్చిపోయారు. మన రాష్ట్రాల్లో అయితే అసలు ఇది ఢిల్లీ వాళ్ల గొడవ అన్నట్టే మాట్లాడుకున్నారు. బాండ్లు కొన్నవాళ్ల, తీసుకున్న పార్టీల జాబితాలు తెరిచి చూస్తే పై వరసల్లోనే మనవాళ్లున్నారు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. 2017 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ప్రకటించారు, 2018 జనవరిలో అమల్లోకి వచ్చింది. స్టేట్ బ్యాంకులో మాత్రమే అమ్మేవారు, వెయ్యి రూపాయల నుంచి కోటి దాకా. కొన్నవాళ్లు తమకు నచ్చిన పార్టీకి ఇస్తారు, ఆ పార్టీ పదిహేను రోజుల్లో ఖాతాలో వేసుకోవాలి. బాండు మీద పేరు ఉండదు. దీంతోపాటు ఇంకో రెండు పనులు చేశారు, అసలు సంగతి అక్కడే ఉంది. కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదన్న పరిమితి తీసేశారు, ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లెక్కల్లో చూపించాలన్న నిబంధన కూడా తీసేశారు. అంటే నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా కోట్లు ఇవ్వొచ్చు, ఎవరికిచ్చిందో తన షేర్‌హోల్డర్లకు కూడా చెప్పక్కర్లేదు. రిజర్వు బ్యాంకు వద్దంది. ఎన్నికల సంఘం ఇది వెనక్కి వేసే అడుగు అని 2017లోనే ఉత్తరం రాసింది. వినలేదు. ద్రవ్య బిల్లుగా పెట్టి, రాజ్యసభకు అడ్డుకునే అవకాశం లేకుండా పాస్ చేయించుకున్నారు.

ప్రభుత్వం చెప్పిన కారణం ఏంటంటే, చందా ఇచ్చినవాళ్ల మీద ఎదుటి పార్టీ కక్ష కట్టకుండా రక్షణ కావాలట. సరే, కక్ష సాధింపులు మన రాష్ట్రాల్లో కొత్తేమీ కాదు, ఆ భయం పూర్తిగా అబద్ధమని నేనూ అనను. కానీ రహస్యం ఎవరి దగ్గర? స్టేట్ బ్యాంకు దగ్గర కొన్నవాళ్ల గుర్తింపు వివరాలు (కేవైసీ) మొత్తం ఉన్నాయి. కోర్టు అడిగినా, క్రిమినల్ కేసు పెట్టిన దర్యాప్తు సంస్థ అడిగినా బ్యాంకు ఇవ్వాలని పథకంలోనే ఉంది. 2018లో పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు రెండు కొని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తే, అల్ట్రావయొలెట్ వెలుగులో మాత్రమే కనిపించే నంబరు బయటపడింది, అంటే బాండు ఎవరి నుంచి ఎటు పోయిందో పట్టుకునే వీలుంది. ఇక పార్టీకి ఎవరిచ్చారో తెలియదా? ఇచ్చినవాడు ఫోన్ చేసి చెప్పడా? అంటే బ్యాంకుకు తెలుసు, పార్టీకి తెలుసు, కావాలంటే ప్రభుత్వం తెలుసుకోగలదు. తెలియనిది ఓటేసేవాడికి మాత్రమే. పైగా ఆ బాండ్ల ముద్రణ ఖర్చు, బ్యాంకు కమీషన్ ప్రభుత్వ ఖజానా నుంచే, అంటే మన డబ్బుల్లోంచే. బాండ్ల మొత్తం విలువలో 90 శాతానికి పైగా కోటి రూపాయలవే అని తెలిశాక, చందాదారుల రక్షణ అన్న మాటకి ఏం విలువుందో మీరే చూసుకోండి.

పార్టీలు మాత్రం మాకూ తెలియదన్నాయి. ఇందులో నాకు బాగా నచ్చింది బీహార్ పార్టీ జేడీయూ జవాబు. 2019 ఏప్రిల్‌లో పట్నాలోని పార్టీ ఆఫీసుకి ఎవరో వచ్చి కవరు ఇచ్చి వెళ్లిపోయారట, తెరిచి చూస్తే పది కోట్ల బాండ్లున్నాయట, ఎవరిచ్చారో తెలియదట, తెలుసుకోవడానికి ప్రయత్నించలేదట. ఎన్నికల సంఘానికి రాతపూర్వకంగా ఇచ్చిన సమాధానం ఇది. నవ్వు కూడా రాలేదు నాకు.

తీర్పు వచ్చాక వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ 30 దాకా గడువు అడిగింది. అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయేదాకా. దేశంలోనే అతి పెద్ద బ్యాంకుకి 22 వేల చిల్లర బాండ్ల లెక్క తీయడానికి ఇంకో నాలుగు నెలలు దాకా! కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న రెండు జాబితాలొచ్చాయి, ఒకదాంట్లో కొన్నవాళ్లు, ఇంకోదాంట్లో తీసుకున్న పార్టీలు, మధ్యలో లింకు లేదు. మళ్లీ కోర్టు మందలిస్తే మార్చి 21న బాండ్ల నంబర్లు కూడా బయటికొచ్చాయి, అప్పుడే ఎవరు ఎవరికిచ్చారో జతపరచడం కుదిరింది.

2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న ఆ లెక్కల్లో బీజేపీకి దాదాపు 6,060 కోట్లు. ఇది అందరికీ తెలిసిందే. కానీ బీఆర్ఎస్‌ని చూడండి, 1,214 కోట్లు, దేశంలో నాలుగో స్థానం. 17 లోక్‌సభ సీట్లున్న ఒక రాష్ట్రంలోని పార్టీకి, దేశమంతా ఉన్న కాంగ్రెస్‌కి వచ్చిన 1,421 కోట్లకు దగ్గర దగ్గరగా వచ్చాయి. వైఎస్ఆర్‌సీపీకి 337 కోట్లు, తెలుగుదేశానికి 218 కోట్లు. కొన్నవాళ్లలో మొదటి స్థానం కోయంబత్తూరు లాటరీ వ్యాపారి కంపెనీ ఫ్యూచర్ గేమింగ్‌ది, 1,368 కోట్లు. వైఎస్ఆర్‌సీపీకి వచ్చినదాంట్లో పెద్ద వాటా వాళ్లదే, 150 కోట్లకు పైనే. రెండో స్థానం మన హైదరాబాద్ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. కాళేశ్వరం, పట్టిసీమ, పోలవరం పనుల్లో వినిపించే పేరే. వాళ్ల నుంచి బీజేపీకి 580 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కి దాదాపు 195 కోట్లు వెళ్లాయి. వైఎస్ఆర్‌సీపీకీ ఇచ్చారు, తెలుగుదేశానికీ ఇచ్చారు.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో జెండా రంగుల కోసం బావా బామ్మర్దులు మాటలు మానేసుకుంటున్నారు, ఎవరు గెలిచినా కాంట్రాక్టరుకి మాత్రం టెన్షన్ లేదు.

తేదీలు చూస్తే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది. ఢిల్లీ మద్యం కేసులో అరబిందో ఫార్మా డైరెక్టర్ శరత్ చంద్రారెడ్డిని ఈడీ అరెస్టు చేసింది 2022 నవంబరు 10న. నవంబరు 15న ఆ కంపెనీ ఐదు కోట్ల బాండ్లు కొంది, అవి బీజేపీ ఖాతాలో పడ్డాయి. తర్వాతి ఏడాది ఆయన అప్రూవర్ అయ్యారు. ఇది లంచమే అని తేల్చడానికి నేను కోర్టుని కాదు, ప్రత్యేక దర్యాప్తు బృందం వేయమంటే సుప్రీంకోర్టే 2024 ఆగస్టులో వేయనంది. నా బాధల్లా ఒక్కటే, ఈ తేదీలు మనకి 2022లో తెలిసుంటే అప్పుడే అడిగేవాళ్లం, వాళ్లు అప్పుడే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఏడాది దాటాక తెలిస్తే అది చరిత్ర పాఠం అవుతుంది.

బాండ్లు పోయాయి కదా, ఇక బాగుపడిందా అంటే పూర్తిగా లేదు. ఎలక్టోరల్ ట్రస్టులున్నాయి. కంపెనీలన్నీ ఒక ట్రస్టులో వేస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ఎవరు వేశారో, ఎవరికి పంచారో రెండూ కనిపిస్తాయి, ఎవరి డబ్బు ఎవరికి చేరిందో మాత్రం తెలియదు. 2023-24లో వీటిలో అతి పెద్దదైన ప్రూడెంట్ నుంచి బీజేపీకి 720 కోట్లకు పైగా, బీఆర్ఎస్‌కి 85 కోట్లు, వైఎస్ఆర్‌సీపీకి 62.5 కోట్లు, తెలుగుదేశానికి 33 కోట్లు వెళ్లాయి. ఇవి బాండ్ల కంటే నయమే, ఒప్పుకుంటాను. ఇక 20 వేల లోపు చందాలకు దాత పేరు ఎన్నికల సంఘానికి ఇవ్వక్కర్లేదు, ఆ పాత కన్నం అలాగే ఉంది. మన రాష్ట్రాల్లో అభ్యర్థికి అసెంబ్లీకి 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు అని ఖర్చు పరిమితి పెట్టారు (మునుగోడు ఉప ఎన్నికలో డబ్బు ఎలా ఖర్చయిందో చూసినవాళ్లెవరైనా ఇది చదివి నవ్వుకుంటారు), పార్టీ ఖర్చుకి మాత్రం ఏ పరిమితీ లేదు.

నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది గడువు. పార్టీలు చందాల నివేదిక ఇచ్చేది ఆర్థిక సంవత్సరం ముగిశాక, ఆదాయపన్ను రిటర్నుల గడువు లోపల. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 2024 మే 13న ఓటేశాం. ఆ ఏప్రిల్, మే నెలల్లో పార్టీలకు వచ్చిన డబ్బు 2024-25 లెక్కల్లోకి పోయింది, దాని నివేదికకి ఓటేసిన ఏడాది దాటాక కూడా టైముండింది. పెద్ద చందాలు ఇప్పుడు బ్యాంకుల్లోంచే పోతున్నాయి, పేరు, మొత్తం, తేదీ వారంలోపు వెబ్‌సైట్‌లో పెట్టమంటే సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఈ చిన్న మార్పు చేస్తామని మేనిఫెస్టోలో రాసే పార్టీ ఏదైనా మీకు కనిపిస్తే కింద కామెంట్లో చెప్పండి, వాళ్ల జెండా ఏ రంగుదైనా సరే.