చీకటి గదికి వైడ్ లెన్స్

రెండు వారాలు తల బద్దలు కొట్టుకుని చివరికి ఇంటీరియర్ ఫొటోల కోసం 14 ఎంఎం ఎఫ్ 2.8 లెన్స్ వదిలేసి 16-35 ఎంఎం ఎఫ్ 4 జూమ్ లెన్స్ తీసుకున్నాను. ఎంఎం అంకె తగ్గేకొద్దీ ఫొటోలో గది ఎక్కువ వెడల్పుగా పడుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ లోపలికి వెలుతురు ఎక్కువ వస్తుంది. ఎఫ్ 4 కంటే 2.8లో వెలుతురు రెట్టింపు వస్తుంది, నిజమే, మొదట నేనూ దానికోసమే పట్టుబట్టాను. కానీ ఖాళీ గదిలో కదిలేది ఏదీ ఉండదు కదా, ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్ 8లో రెండు సెకన్లు షట్టర్ తెరిచి ఉంచితే కిటికీ పక్కన కుర్చీ అల్లిక దగ్గర్నుంచి వెనక గోడ మీది సన్నటి పగులు దాకా అన్నీ స్పష్టంగా వచ్చాయి. మనుషులు తిరిగే గదైతే మాత్రం లెక్క వేరు, అక్కడ 2.8 కావాల్సిందే. లెన్స్‌లో స్టెబిలైజేషన్ ఉన్నా అది మన చేతి వణుకును ఆపుతుంది గానీ ఎదుటివాళ్ల కదలికను ఆపలేదు.

అద్దెకు తెచ్చి చూసిన 14 ఎంఎంలో ఇంకోటి గమనించాను. ఫ్రేమ్ మూలన ఉన్న గుండ్రటి దీపం కోడిగుడ్డులా సాగిపోయింది. అది లెన్స్ లోపం కాదు, అంత వెడల్పు కోణంలో అంచులు అలాగే సాగుతాయి. కెమెరా కాస్త పైకెత్తామా, గోడలు లోపలికి వాలిపోతాయి. ఇప్పుడు ఛాతీ ఎత్తులో లెవెల్ సరిచూసుకుని ఎక్కువగా 20 ఎంఎం దగ్గరే తీస్తున్నాను, గది గదిలాగే కనిపిస్తోంది.