పాడుబడిన రిసార్ట్ హోటల్‌లో జ్ఞాపికల ప్రశ్న: పని ఎంతవరకు వచ్చింది

పాడుబడిన రిసార్ట్ హోటళ్లకు వెళ్లి, అక్కడ మిగిలిన వస్తువులను ఉన్నచోటే ఉంచి, ఫొటోలతో, కొలతలతో నమోదు చేయడం నా అభిరుచి. ఈ విడత పని జరిగింది కొండ మీద, చాలా ఏళ్ల కిందట మూతపడిన ఒక మూడంతస్తుల హోటల్‌లో. దాన్ని త్వరలో కూలగొట్టబోతున్నారు. యజమాని తరఫు ప్రతినిధి రాతపూర్వకంగా అనుమతి ఇస్తూ, లోపల ఉన్నదంతా ఎలాగూ చెత్తలోకే పోతుంది కాబట్టి నచ్చినవి తీసుకోవచ్చునని చివర ఒక వాక్యం చేర్చారు. అనుమతి లేని చోట ఏమీ తీయకూడదన్న నియమం పాటించడం కష్టం కాదు. తీసుకోమని యజమానే చెప్పినప్పుడు ఏం చేయాలన్నదే ఈసారి నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది.

పాడుబడిన హోటల్ అంటే అడిగే నాథుడు లేని సొత్తు అన్న అభిప్రాయం ఈ అభిరుచి ఉన్నవారిలో కూడా గట్టిగానే ఉంది. నిజానికి తలుపులు ఊడిపోయిన భవనానికి కూడా ఒక యజమానో, అప్పిచ్చిన బ్యాంకో, దివాలా వ్యవహారం చూసే అధికారో ఉంటారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం సాధారణంగా సివిల్ వివాదంగానే మిగులుతుంది; కానీ లోపలి నుంచి ఒక చెంచా జేబులో వేసుకున్నా 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ (దొంగతనాల చట్టం) వర్తిస్తుంది, భవనంలోకి అక్రమంగా వెళ్లి తీసినందువల్ల నేరం మరింత పెద్దదవుతుంది. చట్టం సంగతి అలా ఉంచినా, వదిలేసినట్టు కనిపించేదంతా ఎవరో ఇష్టపడి వదిలేసినది కాదు. సైప్రస్‌లోని వరోషా సముద్రతీరంలో వరుసగా నిలిచిన హోటళ్లను 1974 ఆగస్టులో జనం ప్రాణభయంతో విడిచి వెళ్లారు. 2020 అక్టోబరులో అందులో కొంత భాగాన్ని సందర్శకులకు తెరిచినప్పుడు, ఆ వీధులను చూసినవారిలో అక్కడ ఇళ్లు పోగొట్టుకున్నవారు కూడా ఉన్నారు. జార్జియాలోని త్స్కాల్తుబోలో సోవియట్ కాలపు విశ్రాంతి భవనాలు శిథిలమైనట్టు కనిపిస్తాయి గానీ, 1992-93 నాటి అబ్ఖాజియా యుద్ధంలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన కుటుంబాలు వాటిలో దశాబ్దాల పాటు కాపురాలు చేశాయి. అలాంటి చోట గుమ్మంలో కనిపించిన పాత కెటిల్‌ను జ్ఞాపికగా తీసుకున్నవాడు ఒకరి వంటింటి సామాను ఎత్తుకుపోయినట్టే.

ఇక పని వివరాలు. అనుమతి పత్రంలో ఏ రోజుల్లో, ఏ భాగాల్లోకి వెళ్లవచ్చో, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో, ఫొటోలను ఎప్పుడు బయటపెట్టవచ్చో స్పష్టంగా రాయించుకున్నాను. ఒక ప్రతి నా దగ్గర, మరొకటి బయట ఉండే మిత్రుని దగ్గర ఉంటాయి. నేను బయటికి రావలసిన వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో ఆయన దగ్గర రాసి ఉంది. ఒంటరిగా లోపలికి వెళ్లడం నాకు సమ్మతం కాదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం నేల తీసుకుంటుంది. కార్పెట్ పరిచిన కొయ్య నేలను చూసి అది గట్టిగా ఉందో లేదో చెప్పలేము. పైనుంచి చాలా ఏళ్లుగా నీరు కారిన గదుల్లో కార్పెట్ బిగువుగానే ఉండి, దాని కింద పలకలు మాత్రం నాని మెత్తబడిపోయి ఉంటాయి. అందుకని ముందు కింది అంతస్తు కప్పును చూస్తాను. అక్కడ చెమ్మ మరకలు, వంగిన దూలాలు ఎక్కడున్నాయో చిత్తుపటంలో గుర్తు పెట్టుకున్నాకే పై అంతస్తుకు వెళ్తాను, వెళ్లాక గోడల వారగా, కర్రతో తట్టి చూసుకుంటూ నడుస్తాను. ఈ హోటల్ రెండో అంతస్తులో తూర్పు వైపు గదులను ఆ కారణంగానే పూర్తిగా వదిలేశాను. లిఫ్ట్ తలుపులు తెరిచి ఉన్న చోట నేల మీద రంగు టేపు అతికించి, వెళ్లేటప్పుడు తీసేస్తాను. ముఖానికి సన్నని ధూళిని కూడా ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు తప్పనిసరి. గడ్డం ఉంటే అది చర్మానికి సరిగా అంటుకోదు. మాస్కుకు రెండు కారణాలున్నాయి. పావురాల రెట్ట ఎండి పొడిగా లేచినప్పుడు హిస్టోప్లాస్మోసిస్ వంటి ఊపిరితిత్తుల జబ్బులు రావచ్చు. పాత హోటళ్ల నేల పలకల్లో, వేడినీటి గొట్టాల చుట్టూ ఉన్న పొరల్లో ఆస్‌బెస్టాస్, అంటే పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజపు నార, ఉండే అవకాశం ఎక్కువ. అందంగా ఉందని విరిగిన నేల పలకను ఇంటికి తెచ్చుకున్నవారు దానితోపాటు ఆ నారపోగులను కూడా ఇంట్లో పెట్టుకున్నట్టే. బట్టల మీద వేసుకున్న కవరాల్‌ను (ఒళ్లంతా కప్పే తొడుగును) గుమ్మం బయటే విప్పి, సంచిలో కట్టేస్తాను.

నమోదు పద్ధతి ఇప్పటికి ఒక కుదురుకు వచ్చింది. గదికొక కాగితం, అందులో ఉత్తరం దిక్కు గుర్తుతో చేతిగీత, ప్రతి వస్తువుకు ఒక సంఖ్య. కెమెరా స్టాండు మీద, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/8 (కటకపు రంధ్రం పరిమాణం) దగ్గర, ఒకే దృశ్యాన్ని తక్కువ, సరిపడ, ఎక్కువ వెలుగుతో మూడుసార్లు తీస్తాను, ఎందుకంటే చీకటి గదిలో కిటికీ ఒక్కటే వెలిగిపోతూ ఉంటుంది. ఫొటోలను కంప్యూటర్‌లో కలిపి త్రిమితీయ నమూనా చేయవలసిన వస్తువును చుట్టూ తిరుగుతూ, ప్రతి ఫొటో ముందుదానితో 60 నుంచి 80 శాతం వరకు కలిసేలా తీస్తాను, పక్కన కొలబద్ద ఉంచుతాను. మెరిసే లోహం ఈ పద్ధతికి సరిగా లొంగదు. కిటికీకి తెల్లని గుడ్డ కట్టి వెలుగును మెత్తబరిస్తే ఇత్తడి కూడా చాలావరకు దారికి వస్తుంది.

ఈ విడతలో నా సమయమంతా తీసుకున్నది రిసెప్షన్ వెనుక గోడకు ఉన్న తాళంచెవుల బోర్డు. టేకు చెక్క, వరుసలుగా ఇత్తడి కొక్కేలు, ప్రతి కొక్కెం మీద గది సంఖ్య. చాలా కొక్కేలకు తాళంచెవులు ఇంకా వేలాడుతున్నాయి. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న ఇత్తడి బిళ్ల ముందు వైపు సంఖ్య, వెనుక వైపు చిన్న అక్షరాల్లో, ఇది దొరికినవారు ఏ తపాలా పెట్టెలోనైనా వేయవలసిందని, ఖర్చు హోటల్ భరిస్తుందని కోరే వాక్యం. పొరపాటున జేబులో వెళ్లిపోయిన తాళంచెవి తిరిగి రావడానికి పాత హోటళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

ఆ బోర్డుకు ఎదురుగా పెద్ద కిటికీ ఉంది. ఏళ్ల తరబడి ఎండ పడి చెక్క వెలిసిపోయింది, బిళ్లలు వేలాడిన చోట మాత్రం వెలవలేదు. తాళంచెవి లేని కొక్కేలను ఒక్కొక్కటే దగ్గరగా చూస్తే రెండు రకాలు కనిపించాయి. కొన్నింటి కింద చెక్క అంతటా సమానంగా వెలిసి ఉంది, అంటే హోటల్ మూతపడేనాటికే అక్కడ తాళంచెవి లేదన్నమాట. మరికొన్నింటి కింద బిళ్ల ఆకారంలోనే ముదురు మచ్చ మిగిలి ఉంది. అవి మూతపడిన తరువాత చాలా కాలం అక్కడే ఉండి, ఇటీవలి ఏళ్లలో ఎవరి చేతికో చిక్కినవి. పోయినవాటిలో ఎక్కువ భాగం పై అంతస్తు మూల గదులవి, అంటే లోయ కనిపించే ఖరీదైన గదులవి. ఆ తాళంచెవులు ఇప్పుడు ఎవరి అలమరాలో ఉన్నా అక్కడ అవి సంఖ్య ఉన్న ఇత్తడి ముక్కలే. ఏ గది ఎప్పటిదాకా వాడుకలో ఉందో చెప్పగలిగేది చెక్కా, మచ్చా, కొక్కెం, బిళ్ల కలిసి ఉన్న ఆ గోడే. వస్తువును ఉన్నచోటు నుంచి కదపకూడదని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఎలాగూ పోయేదే కదా, నేనొక్కటి తీసుకుంటే ఏమవుతుందన్న వాదనను నేను తేలికగా కొట్టిపారేయను. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో సరస్సులకు ఎగువన నిలిచిన మోంటే పలాస్ హోటల్ 1989లో తెరుచుకుని మరుసటి ఏడాదే మూతపడింది. కాపలా ఉన్న రెండు దశాబ్దాల పాటు లోపలి సామాను దాదాపు అలాగే నిలిచింది. కాపలా పోయాక తలా ఒకటి పట్టుకుపోగా కాంక్రీటు గోడలు మిగిలాయి. ఆ హోటల్‌ను ఖాళీ చేసినవారిలో ప్రతి ఒక్కరూ తాము తీసింది ఒక్కటే అనుకుని ఉండవచ్చు. కాలిఫోర్నియాలోని బోడీ అనే పాత గనుల పట్టణం 1962 నుంచి రాష్ట్ర ఉద్యానవనం. అక్కడి నుంచి మేకులు, గాజు ముక్కలు పట్టుకెళ్లినవారు క్షమాపణ ఉత్తరాలతో వాటిని వెనక్కి పంపుతూ ఉంటారు. పంపడం మంచిదే, కానీ ఆ మేకు ఏ గోడదో ఉత్తరంలో లేకపోతే దాన్ని తిరిగి ఎక్కడ పెట్టాలి?

కూల్చివేత ఖాయమైన చోట మాత్రం లెక్క మారుతుందని ఒప్పుకుంటాను. న్యూయార్క్ రాష్ట్రపు క్యాట్‌స్కిల్ కొండల్లోని గ్రాసింగర్స్ అనే రిసార్ట్ హోటల్ 1986లో మూతపడ్డాక, దాని లోపలి ఈతకొలను పక్కన నాచు, ఫెర్న్ మొక్కలు పెరిగిన దృశ్యాన్ని ఎందరో ఫొటోలు తీశారు. 2018లో ఆ భవనాలను కూల్చివేశారు. గోడే లేనప్పుడు గోడ మీది వస్తువును ఉన్నచోటే ఉంచాలనడంలో అర్థం లేదు. అయితే అందువల్ల అది నాది కాదు. కాబట్టి ప్రతినిధికి రాసిన జవాబులో, తాళంచెవుల బోర్డును విడదీయకుండా, తాళంచెవులతో సహా, ఆ ప్రాంతపు చరిత్ర సేకరణకు యజమాని పేరు మీద విరాళంగా ఇవ్వమని కోరాను. సేకరణవారికి నా ఫొటోలు, చిత్తుపటం, ఏ కొక్కెం కింద ఏ రకం మచ్చ ఉందో చూపే పట్టిక కూడా పంపాను, ఎందుకంటే ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం లేని వస్తువును ఏ సంగ్రహాలయమూ సంతోషంగా తీసుకోదు. చోటు లేదనే కారణంతో వద్దనే అవకాశం కూడా ఉంది.

ఆఫీసు గదిలోని అతిథుల కార్డుల పెట్టెను నేను కదపలేదు. వాటి మీద పేర్లు, ఇంటి చిరునామాలు ఉంటాయి. నింపని ఖాళీ కార్డు ఒక్కదాన్ని మాత్రం నమూనా కోసం ఫొటో తీసి, పెట్టెను భద్రపరచడమో, చట్టం ప్రకారం నాశనం చేయడమో యజమానే చూసుకోవాలని రాశాను. ఫొటోలలోని జీపీఎస్ వివరాలు తీసేశాను; హోటల్ ముద్ర ఉన్న పింగాణీ కనిపించే ఫొటోలను కూల్చివేత పూర్తయ్యేదాకా ఎవరికీ చూపను, ఎందుకంటే అలాంటి సామాను కొనేవారుంటారు, ఆ ఫొటోలు వారికి దారి చూపిస్తాయి.

అక్కడ బట్టలు ఉతికే విభాగంలో చాలా ఏళ్లు పనిచేసిన ఒకావిడ, ఆ గది తలుపు మీది ఎనామెల్ రేకు ఇప్పించగలరా అని ప్రతినిధిని అడిగారు. ఎవరికైనా జ్ఞాపిక మీద హక్కు ఉందంటే అలాంటివారికే ఉందని నా గట్టి అభిప్రాయం. నేను రేకును, దాని స్క్రూలను, కింద మిగిలిన పాత రంగును ఫొటో తీశాక ప్రతినిధే విప్పి ఆమెకు అందజేశారు. ఇచ్చిన తేదీని నా కాగితంలో ఆ వస్తువు సంఖ్య పక్కన రాసుకున్నాను.

ఇంకా నాట్యశాల పైకప్పు, బయటి ఈతకొలను మిగిలాయి. వంటగది పైకప్పు జారిపోయింది కాబట్టి దాన్ని గుమ్మంలో నిలబడే ఫొటో తీయాలి. సేకరణవారు బోర్డు వద్దంటే, ప్రతినిధి ద్వారా పాత ఉద్యోగులను అడుగుతాను. వారిలో ఎవరైనా దాన్ని మొత్తంగా ఉంచుకోగలిగితే పట్టిక ప్రతిని కూడా వారికే ఇస్తాను.