మోకు మీద వేలాడిన అరగంట

నకిరేకల్ దగ్గరి మా ఊళ్లో నేను ఇరవై రెండేళ్లుగా కల్లు గీస్తున్నాను. 2023 వేసవిలో ఒక తెల్లవారుజామున, సుమారు అరవై అడుగుల తాటిచెట్టు మీద కల్లు పట్టే కుండ, అదే లొట్టి, మారుస్తుండగా కాళ్లకు వేసుకునే తాడు బంధం, గుజి, జారింది. నడుముకూ చెట్టుకూ కలిపి కట్టుకునే మోకు నాలుగైదు అడుగులు కిందికి జారి, ఎండిన మట్టమొదలుకు తట్టుకొని ఆగడంతో నేలమీద పడలేదు గానీ, తలకిందులుగా వేలాడిపోయాను. కుడి ముంజేయి చెట్టుకు కొట్టుకొని విరిగింది. పక్కటెముకల్లో పోటు వల్ల గట్టిగా కేక వేయడానికి కూడా ఊపిరి చాలలేదు. మోకు తొడను ఒరుసుకుపోయి, కాసేపటికి కాలు ఉన్నదో లేదో తెలియకుండా పోయింది.

పక్క చెట్టు మీదున్న మా బావమరిది చూశాడు. "చెయ్యి కదపకు బావా, నేనొస్తున్న" అని అరిచి, దిగి, బావి చేదతాడు భుజాన వేసుకొని నా చెట్టెక్కాడు. అతడు తొందరపడి నా మోకు విప్పలేదు. నేను బతికింది అందువల్లనే. ముందు నా చంకల కిందుగా తాడు కట్టి, తలను పైకి తెచ్చి, ఊపిరి ఆడేలా చేశాడు. తర్వాత తాడును బలమైన పచ్చిమట్టల మొదళ్ల మీదుగా వేసి, రెండో కొసను కిందికి వదిలాడు. కిందున్న ఐదుగురు ఆ కొసను వేపచెట్టుకు రెండు చుట్లు చుట్టి పట్టుకున్నారు. నా బరువంతా ఆ తాడు మీదికి వచ్చిందని చేత్తో లాగి చూసుకున్న తర్వాతే అతడు మోకు విప్పాడు. నేల తగలగానే నన్ను కూర్చోబెట్టకుండా, నడుము వంగకుండా నులకమంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి 108 వచ్చేదాకా అలాగే ఉంచారు.

నల్లగొండ ఆసుపత్రిలో డాక్టర్లు మొదట అడిగింది మూత్రం రంగు గురించి. కండరాలు చాలాసేపు నలిగితే వాటిలోంచి రక్తంలోకి చేరే పదార్థం మూత్రపిండాలను దెబ్బతీస్తుందని, అందుకే సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తున్నామని చెప్పారు. ముంజేతి ఎముకలకు ప్లేట్లు వేశారు. విరిగిన పక్కటెముకలకు కట్టు కట్టరు. నొప్పిని ఓర్చుకుంటూ గాఢంగా ఊపిరి పీల్చకపోతే ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుందట. ఆరు వారాలు ఆ పీల్చుడే నా పని.

ఎముక మూడు నెలల్లో అతికింది గానీ పిడికిలి బలం రావడానికి దాదాపు ఏడాది పట్టింది. కల్లు కారే తాటి గెలను ఆకంత పలుచగా చెక్కాలి. కత్తి కాస్త లోతుగా దిగినా గెల చెడుతుంది, వణికే చేతికి అది సాధ్యం కాదు. రోజూ తడిబట్ట పిండుతూ చేతిని సాధు చేసుకున్నాను. రాత్రులు మాత్రం మంచం జారుతున్నట్టు అనిపించి ఉలిక్కిపడి లేచేవాణ్ణి. దీని గురించి ఎవరితోనూ అనలేదు, మా ఆవిడకు తెలుసు.

2024 జూలైలో ప్రభుత్వం, గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా పట్టీలూ తాళ్లూ ఇచ్చే కాటమయ్య రక్షణ కవచం పథకం ప్రారంభించిన తర్వాత, వాటిని వాడడం నేర్చుకున్నాను. మొదట పొట్టి ఈతచెట్లు ఎక్కాను, తర్వాతే తాటిచెట్లు. నేను చెట్టు మీదున్నంతసేపూ మా బావమరిది చేదతాడు పట్టుకొని వేపచెట్టు కిందనే ఉంటాడు.