అమ్మ పోయాక ఒక్కదాన్నే ఉన్న ఏడాది

అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక తమ్ముడు డల్లాస్ తిరిగి వెళ్లిపోతూ, "అక్కా, ఈ ఇల్లు అద్దెకిచ్చి నా దగ్గరికి వచ్చెయ్" అన్నాడు. చుట్టాలు కూడా అదే మాట. నేను రాజమండ్రిలోనే పుట్టాను, ఇక్కడే పిల్లలకి లెక్కలు చెప్తున్నాను. అమ్మ లేదన్న సంగతి నాకు పూర్తిగా తెలియాలంటే అమ్మ తిరిగిన ఇంట్లోనే ఉండాలనిపించింది. ఉండిపోయాను.

మొదట వచ్చిపడేది కాగితాల పని. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లోపు మరణాన్ని నమోదు చేయించాలి. ఆ సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి. బ్యాంకు, గ్యాసు, కరెంటు మీటరు, రేషన్ కార్డు, అన్నిచోట్లా అదే అడుగుతారు. పని పెద్ద కష్టం కాదు. కానీ ప్రతి కౌంటరు దగ్గరా "మా అమ్మగారు చనిపోయారండీ" అని పైకి చెప్పాలి. మొదటిసారి గొంతు పెగల్లేదు. తర్వాత్తర్వాత మామూలుగా చెప్పగలిగాను, అలా చెప్పగలుగుతున్నందుకు ఇంకా బాధేసింది.

బ్యాంకులో నామినీని నేనే కాబట్టి క్లెయిమ్ ఫారం, నా ఆధార్, సర్టిఫికెట్ ఇస్తే సరిపోయింది. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో సొమ్ము ఇచ్చెయ్యాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. పాస్‌బుక్‌లో ఆఖరి ఎంట్రీ, అమ్మ తీసిన ఐదు వేలు. ఎందుకు తీసిందో అర్థం కాలేదు. తర్వాత బీరువా సర్దుతుంటే చీరల కింద ఒక కవరు కనిపించింది. పైన అమ్మ చేతిరాత, "మిక్సీకి". లోపల పది ఐదొందల నోట్లు. ఆ రోజు బీరువా తలుపు అలా తెరిచే ఉంచేసి నేలమీద కూర్చుండిపోయాను.

"పనిలో పడితే అన్నీ మర్చిపోతావు" అని అందరూ చెప్తారు. నాకలా జరగలేదు. స్కూల్లో ఉన్నంతసేపూ బాగానే ఉండేదాన్ని. కష్టమంతా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా. అన్నేళ్లలో నేనెప్పుడూ ఇంటి తాళంచెవి పట్టుకెళ్లలేదు. ఎప్పుడొచ్చినా తలుపు తీసే మనిషి ఉండేది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి బ్యాగులో తాళంచెవి వెతుక్కోవాలి, లోపలికెళ్లి లైటు నేనే వెయ్యాలి. పాల అబ్బాయికి "ఇకనుంచి ఒక ప్యాకెట్ చాలు బాబూ" అని చెప్పడానికి చాలా రోజులు పట్టింది. రెండో ప్యాకెట్ తోడుపెట్టి పక్కింటి పిన్నిగారికి ఇచ్చేస్తుండేదాన్ని.

వంట మానేశాను. ఒక్కదానికి కుక్కరెందుకని బ్రెడ్డు, బిస్కెట్లు, కర్రీ పాయింటు నుంచి కూర. నిద్ర కరువైంది. ఒక రాత్రి గుండె దడదడలాడి, ఎవరికి ఫోన్ చెయ్యాలో తోచక 14416కి చేశాను. అది టెలి మానస్, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ తీసినావిడ నా ఏడుపు ఆగేదాకా ఏమీ అనలేదు. తర్వాత, "రాత్రి ఏం తిన్నారండీ?" అని అడిగింది. అమ్మ పోయాక నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. రోజులో ఏ వేళ బాగా కష్టంగా ఉంటోందో, నిద్ర ఎన్నాళ్లనుంచి సరిగ్గా లేదో అడిగి, అవసరమైతే డాక్టరుతో మాట్లాడిస్తామంది. రోజుకొక్క పూటైనా పొయ్యి వెలిగించమంది. ఇంట్లో ఇంకొకరు లేనప్పుడు ఇలాంటి నంబరు ఫోన్లో ఉండటం అవసరం. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మర్నాడు అరగ్లాసు బియ్యం కడిగాను. పెద్ద కుక్కర్లో అంత కొంచెం అడుగంటుతోంది. అడుగున నీళ్లు పోసి చిన్న గిన్నెలో పెడితే చక్కగా ఉడుకుతుంది. అన్నం, చారు, వేయించిన అప్పడం. కంచంలో వడ్డించుకుని కూర్చుని తినడం మళ్లీ అలవాటైంది.

స్కూలు అయ్యాక నేరుగా ఇంటికి వెళ్లడం తగ్గించాను. కొన్ని సాయంత్రాలు గౌతమీ గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. తాళపత్రాలు కూడా ఉన్న పాత లైబ్రరీ అది. అక్కడ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, కానీ చుట్టూ మనుషులుంటారు. అప్పట్లో నాకు కావలసింది సరిగ్గా అదే. కొన్నిసార్లు పుష్కర ఘాట్‌లో గోదావరి హారతి వేళకి వెళ్లి మెట్లమీద కూర్చునేదాన్ని. అక్కడ కళ్లు తుడుచుకున్నా ఎవరూ వింతగా చూడరు.

ఆ ఏడాది పండగల్లేవు. ఏటి సూతకం పట్టింపులు నాకు పెద్దగా లేవు, అయినా ఆ నియమం నాకు మేలే చేసింది. సంతోషంగా కనిపించాల్సిన బాధ్యత ఏడాదిపాటు తప్పింది. మనవాళ్లు ఈ గడువు ఎందుకు పెట్టారో గానీ, దుఃఖంలో ఉన్నవాళ్లని "ఇంకెన్నాళ్లమ్మా" అని తొందరపెట్టకుండా అది కాపాడుతుంది. పెట్టాల్సిందే అనిపిస్తుంది నాకు. ఉగాదికి పిన్నిగారు పచ్చడి తెచ్చి, "పండగ కాదులే, నోట్లో వేసుకో" అని అరచేతిలో పెట్టి వెళ్లారు.

సంవత్సరికానికి తమ్ముడొచ్చాడు. అమ్మ గది అలాగే ఉంచానని చూసి ఏమీ అనలేదు. వాడున్నప్పుడే ఇద్దరం వెళ్లి ఆ కవరులో డబ్బుతో మిక్సీ కొన్నాం.

ఇప్పుడు సాయంత్రాలు ఫరవాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఇంకా గడవవు. అందుకే మా వీధిలో పదో తరగతి చదివే పిల్లల్ని రమ్మన్నాను. వాళ్లకి త్రికోణమితి అంటే భయం, పరీక్షలు మార్చిలో. మూడింటికి వస్తారు, ఐదు దాటినా లేవరు.