వరహా మీద వరాహం లేదు
కొండమీద వరాహస్వామి గుడి క్యూలో ఉండంగా మా అక్క కొడుకు అడిగినాడు: "మామా, రాయలవారి వరహాలకు ఈ స్వామి పేరేనా?"

అవునురా, ఈయన పేరే. తూర్పు చాళుక్యుల రాజలాంఛనం వరాహం, వాళ్ల బంగారు నాణేల మీద అది నిజంగానే ఉంటుంది. విజయనగర రాజులూ వరాహాన్నే తమ లాంఛనం చేసుకున్నారు. తమాషా ఏమంటే, కృష్ణదేవరాయల వరహా మీద మనం ఎక్కువగా చూసేది బాలకృష్ణుణ్ణి! మన చంద్రగిరి నుంచి కూడా ఏలిన వెంకటపతిరాయలైతే ఏకంగా ఏడుకొండలవాణ్ణే నిలబెట్టి, వెనక నాగరి లిపిలో 'శ్రీ వేంకటేశ్వరాయ నమః' అని వేయించినాడు. బొమ్మలు ఎన్ని మారినా జనం నోట్లో వరహా వరహాగానే ఉండిపోయింది. (పరంగీలు దాన్నే పగోడా అన్నారు, వాళ్ల గోల వాళ్లది.)

1514లో కృష్ణదేవరాయలు వేంకటేశ్వరస్వామికి 30,000 వరహాలతో కనకాభిషేకం చేసినాడని చెప్పినా. ఒక్కోటి సుమారు 3.4 గ్రాములు. వాడు వేళ్లమీద లెక్కేసి, "నూరు కిలోలు దాటింది మామా!" అని అరిచేసరికి ముందున్న పెద్దాయన గోవింద నామం ఆపి, "ఏందబ్బా అది?" అన్నాడు. మళ్లీ మొదట్నించీ చెప్పాల్సొచ్చింది.