హాజరు పట్టీలో నా పేరు

సైన్యంలో ప్రతి సాయంత్రం రోల్‌కాల్ ఉంటుంది. కంపెనీ అంతా వరుసలలో నిలబడ్డాక ఎవరు సెలవులో ఉన్నారో, ఎవరు ఆసుపత్రిలో ఉన్నారో, ఎవరు ఇంకా రాలేదో లెక్క సరిచూసి, మరునాటి డ్యూటీలు చదివి వినిపించిన తరువాతనే ఆ రోజు ముగిసినట్టు. 24 సంవత్సరాలపాటు, రాజస్థాన్ ఇసుకలో ఉన్నా, లడఖ్ చలిలో ఉన్నా, నేను ఉన్నానో లేనో ప్రతి సాయంత్రం ఎవరో ఒకరు చూసుకునేవారు. హవల్దారుగా పదవీ విరమణ చేసి, చీపురుపల్లి దగ్గరి మా ఊరికి వచ్చేసిన కొత్తలో, పొద్దు వాలే వేళకు నా కాళ్ళు వాటంతట అవే వాకిట్లోకి నడిచేవి. అక్కడ నిలబడి ఏమి చేయాలో తోచక, పశువులకు గడ్డి వేసి లోపలికి వచ్చేసేవాడిని. నా భార్య ఇది గమనించింది కాని చాలాకాలం ఏమీ అనలేదు.

మా ప్రాంతానికి సైన్యంతో ఉన్న అనుబంధం పాతది. విజయనగరం పక్కనే ఉన్న కోరుకొండ సైనిక్ స్కూలు 1962లో, రాజావారు ఇచ్చిన భవనంలో మొదలైంది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో ప్రాణాలిచ్చిన కల్నల్ సంతోష్‌బాబు చదువుకున్నది అక్కడే. అధికారుల మాట అలా ఉంచితే, మా చుట్టుపక్కల ఊళ్ళలో పదోతరగతి పాసైన కుర్రాడు తెల్లవారుజామున రోడ్డు మీద పరుగెడుతున్నాడంటే ఎందుకని ఎవరూ అడగరు. కొడుకును ఎలా పంపాలో, రైలు ఎక్కించేటప్పుడు ఏడుపును ఎలా ఆపుకోవాలో మా తల్లులకు తెలుసు. తిరిగి వచ్చినవాడితో ఎలా మెలగాలన్నదే మాకు అలవాటు లేని విషయం. ఏటా రెండు నెలల సెలవు మీద వచ్చినంతకాలం ఊరు నన్ను చుట్టంలా చూసుకుంది, ఎన్నాళ్ళుంటావని ప్రేమగా అడిగింది. పూర్తిగా వచ్చేశాక, ఇక ఏం చేస్తావని అడగడం మొదలుపెట్టింది. నాతో చదువుకున్నవారు రచ్చబండ దగ్గర కూర్చుని మాట్లాడుకుంటుంటే ఆ మాటలలో సగం నాకు అర్థమయ్యేవి కావు, ఎందుకంటే ఎవరి గట్టు తగాదా ఎప్పుడు మొదలైంది, ఎవరింటి పెళ్ళిలో ఎవరు అలిగారు, ఏ ఏడు సిరిమాను జాతరకు ఎవరెవరు కలిసి వెళ్ళారు అన్న జ్ఞాపకాలన్నీ నేను లేని 24 ఏళ్ళలోనే పోగయ్యాయి. తప్పు వారిది కాదు, నాది కూడా కాదు.

న్యాయశాస్త్రం చదవాలన్న ఆలోచన పింఛను కాగితాల వల్ల వచ్చింది. నాకు కొంత రాతకోతలు తెలుసునని, చుట్టుపక్కల ఊళ్ళ పాత సిపాయిలు, చనిపోయిన సిపాయిల భార్యలు కాగితాలు పట్టుకుని మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. సైనికుల సర్వీసు వివాదాల కోసం 2007లో చట్టం చేసి, 2009లో సాయుధ దళాల ట్రైబ్యునల్‌ను ఏర్పాటు చేశారు. మన రాష్ట్రం కేసులు చూసే బెంచి చెన్నైలో ఉంది. డెబ్బై ఏళ్ళ ముసలావిడ చెన్నై దాకా వెళ్ళగలదా? వెళ్ళకుండానే తీరే తగాదా ఏది, తప్పక వెళ్ళవలసింది ఏది అని చెప్పగలిగినవాడు ఊళ్ళో ఒకడైనా ఉండాలి కదా అనిపించింది.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, మావాళ్ళు చాలామంది దీని దగ్గరే పొరబడుతున్నారు. పదోతరగతితో చేరి 15 ఏళ్ళు పనిచేసిన సిపాయికి డిగ్రీతో సమానమని ఒక ధ్రువపత్రం ఇస్తారు. డిగ్రీ అడిగే కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాలలో, సాంకేతిక అర్హత అవసరం లేని వాటికి అది పనికొస్తుంది. దానినే అసలు డిగ్రీ అనుకుని పై చదువుకు దరఖాస్తు పెట్టి, కౌంటరు దగ్గర నిరాశతో వెనుదిరిగినవారు నాకు తెలుసు. నేను సర్వీసులో ఉండగానే దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో ద్వారా బీఏ పూర్తిచేశాను కాబట్టి న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష లాసెట్ రాయగలిగాను. 43 ఏళ్ళ వయసులో విజయనగరంలోని ఒక న్యాయ కళాశాలలో మూడేళ్ళ ఎల్ఎల్‌బీలో చేరాను.

మొదటి రెండు నెలలు నన్ను అందరూ గౌరవించారు, నేను ఒంటరిగా ఉన్నాను. ఈ రెండూ ఒకేసారి ఎలా సాధ్యమని అడిగితే, గౌరవం వల్లనే అని చెబుతాను. నేను తరగతిలోకి వస్తే వెనుక బెంచీల మాటలు ఆగిపోయేవి. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరకు ఎవరైనా వస్తే, కుర్చీ తీసుకోవచ్చా సర్ అని అడిగి, ఆ కుర్చీని వేరే బల్ల దగ్గరకు తీసుకుపోయేవారు. ఆగస్టు 15న నన్ను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పారు, నాలుగు మాటలు చెప్పమన్నారు, పిల్లలు చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో కల్మషం లేదని నాకు తెలుసు, ఈనాటికీ ఆ శాలువాను భద్రంగా దాచుకున్నాను. అయినా ఆ రోజు మిఠాయి పంచేటప్పుడు నా తోటి విద్యార్థులు చెట్టు కింద ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని తింటుంటే, నాకు మాత్రం ప్లేటులో పెట్టి, చెంచా వేసి, కుర్చీ దగ్గరకే తెచ్చి ఇచ్చారు. బ్యారక్‌లో ఒకే పళ్ళెంలో నలుగురం తిన్నవాడికి ఆ చెంచా ఎంత బరువనిపించిందో చెప్పలేను.

దీనిని మార్చింది మొదటి ఇంటర్నల్ పరీక్ష. ప్రతిపాదనను ఎప్పటిలోగా ఉపసంహరించుకోవచ్చు అన్నది ప్రశ్న. 1872 నాటి ఒప్పందాల చట్టం 5వ సెక్షన్‌లో ఉన్న విషయమే. నేను నాలుగు వాక్యాలలో జవాబు రాసి, సరిగానే రాశానన్న ధీమాతో బయటకు వచ్చాను. పదికి మూడు మార్కులు వచ్చాయి. ఆ సాయంత్రం రైల్లో, రోజూ గరివిడిలో దిగే మా తరగతి అమ్మాయి ఎదురుగా కూర్చుని, కొంచెం జంకుతూనే, నా జవాబు పత్రం ఒకసారి చూడవచ్చా అని అడిగింది. చదివి, కాసేపు కిటికీలోంచి చూసి, "ఇది రిపోర్టులా ఉంది సర్. అక్కడ జరిగింది చెబితే చాలు కదా, ఇక్కడ మీకెలా తెలిసిందో కూడా చెప్పాలి" అన్నది. ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. 24 ఏళ్ళు నేను రాసినవన్నీ రిపోర్టులే, వాటిలో ఒక మాట ఎక్కువైతే పై అధికారి కొట్టేసేవారు. ఆ అమ్మాయి నా నోటుపుస్తకం తీసుకుని, రైలు కుదుపులకు అక్షరాలు వంకరపోతున్నా ఆగకుండా, ఇల్లు అమ్ముతానని ఒకాయన ఉత్తరం రాసినట్టు, రెండో ఆయన ఒప్పుకుంటూ జవాబు పోస్టు చేసినట్టు చట్టంలో ఉన్న ఉదాహరణనే తీసుకుని, ఆ జవాబు పోస్టులో పడే క్షణం దాకానే మొదటి ఆయన వెనక్కి తగ్గవచ్చని, సెక్షన్ ఎక్కడ చెప్పాలో, ఉదాహరణ ఎక్కడ పెట్టాలో, తీర్పు ఎక్కడ చేర్చాలో రెండు పేజీలలో రాసి చూపింది. నెల్లిమర్లలో మొదలుపెట్టి గరివిడి వచ్చేసరికి ముగించింది. మరునాడు నేను రాసుకుపోయిన జవాబును దిద్దుతూ, సర్ అనడం మరచిపోయి, "బాబాయ్, ఇక్కడ మళ్ళీ తొందరపడ్డారు" అన్నది. ఆ వారం ముగిసేసరికి తరగతి మొత్తానికి నేను బాబాయ్‌నయ్యాను.

నాకు తెలియనిది ఉందని వారికి తెలిసిన తరువాతనే వారికి తెలియనిది నన్ను అడగడానికి వచ్చారు. ఎస్సై పరీక్షకు సిద్ధమవుతున్న ఇద్దరు కుర్రాళ్ళు 1600 మీటర్ల పరుగు సమయానికి ముగించలేకపోతున్నామన్నారు. విజ్జీ స్టేడియంలో వారం రోజులు చూస్తే, మొదటి చుట్టులోనే ఊపిరంతా ఖర్చుపెట్టేస్తున్నారని అర్థమైంది. ఇప్పుడు ఆ పరుగుకు తొమ్మిదిమంది వస్తున్నారు.

మా కళాశాలలో నావంటివారు మరో ఇద్దరున్నారని తెలియడానికి నాకు ఐదు నెలలు పట్టింది. ఒకరు నౌకాదళంలో పెట్టీ ఆఫీసరుగా పనిచేసి వచ్చారు. మరొకరు సరిహద్దు భద్రతా దళం నుంచి వచ్చారు, కాబట్టి నియమాల ప్రకారం ఆయన మాజీ సైనికుడి కిందకు రారు, అయితే సరిహద్దులో గడ్డకట్టే చలిరాత్రులకు ఆ తేడా తెలియదు. ముగ్గురం వేర్వేరు సంవత్సరాలలో, వేర్వేరు గదులలో, ఎవరికివారు ఒంటరిననుకుంటూ కూర్చున్నాము. దరఖాస్తు ఫారంలో మాజీ సైనికుడా అన్న గడిలో నౌకాదళం ఆయన, నేను టిక్కు పెట్టాము, కాని ఆ టిక్కును రిజర్వేషన్ లెక్కకు తప్ప మరి దేనికీ ఎవరూ చూడరు. చూడమని ఏ నియమమూ లేదు కాబట్టి కార్యాలయం వారిని నేను నిందించను.

ముగ్గురం కలిసి అడిగితే, కళాశాల న్యాయసహాయ కేంద్రంలో నెలకు ఒక శనివారం పింఛను సమస్యలకు కేటాయించారు. మొదటి శనివారం సీతానగరం వైపు నుంచి ఒక వృద్ధురాలు ప్లాస్టిక్ సంచిలో కాగితాలు తెచ్చింది. భర్త సిపాయి, పోయి ఏడాదయింది, కుటుంబ పింఛను మొదలు కాలేదు. "నా పేరు నాది కాదంటన్నారు బాబూ" అని మాత్రం చెప్పి కూర్చుండిపోయింది. మా పిల్లలు కాగితాలు బల్ల మీద పరిచారు. భర్త సర్వీసు రికార్డులో ఆమె పేరుకు ముందు అప్పల అన్న మాట ఉంది, ఆధార్‌లో ఆ మాట లేదు, బ్యాంకు పుస్తకంలో ఉన్నది కాని ఇంటిపేరు మారిపోయింది. ఏనాడో రెజిమెంటులో ఒక గుమాస్తా హిందీలో విని ఇంగ్లీషులో రాసుకున్న పేరు అది. పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మారాక, అక్షరం తేడా ఉన్నా కంప్యూటరు ఒప్పుకోదు. ఏ కార్యాలయానికి ఏ వరుసలో రాయాలో నేను చెబుతుంటే, ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని చెప్పే అఫిడవిట్‌ను గరివిడి అమ్మాయి తయారుచేసింది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉందని, డబ్బు గురించి భయపడవద్దని ఆమెకు వివరించింది కూడా ఆ అమ్మాయే. వృద్ధురాలు వేలిముద్ర వేయబోతే ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని సిరా పెట్టె పట్టుకున్నాడు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో టీ తాగుతూ అందరం ఆమె కాగితాల గురించే మాట్లాడుకున్నాము. ఆ బల్ల దగ్గర నేను మళ్ళీ, సైన్యంలో సెక్షను అనే చిన్న జట్టులో లాగా, ఒక మనిషినయ్యాను, రెండేళ్ళుగా నేను వెదుక్కుంటున్నది అదే.

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మా మేనల్లుడు, వాళ్ళ విశ్వవిద్యాలయంలో మాజీ సైనిక విద్యార్థుల కోసం ప్రత్యేకంగా ఒక గది ఉందని, అక్కడ కాఫీ యంత్రం, సోఫాలు, ఫారాలు నింపడంలో సాయంచేసే మనిషి ఉంటారని ఫోనులో చెప్పాడు. దాని చరిత్ర వెదికి చదివాను. రెండో ప్రపంచయుద్ధం ముగియకముందే, 1944 జూన్ 22న, తిరిగివచ్చే సైనికుల చదువు ఖర్చు భరించే చట్టంపై రూజ్‌వెల్ట్ సంతకం చేశారు. దానితో సుమారు 22 లక్షలమంది కళాశాలలలో చేరారు. 1947లో అక్కడి కళాశాలల ప్రవేశాలలో దాదాపు సగం, 49 శాతం, వారే. చోటు చాలక సైన్యం వదిలేసిన రేకుల షెడ్లలో కాపురాలు పెట్టించారు. నల్లజాతి సైనికులకు ఆ మేలు సమానంగా అందలేదన్నది కూడా ఆ చరిత్రలో భాగమే. నా దృష్టిలో వారికి డబ్బుతోపాటు దక్కిన పెద్ద అదృష్టం వారి సంఖ్య. తరగతిలో ప్రతి రెండో మనిషి యుద్ధం నుంచి వచ్చినవాడే అయినప్పుడు ఎవరూ ఎవరికీ వింతగా కనబడరు. మన దగ్గర తరగతికి ఒకరు కూడా ఉండరు కాబట్టే, ఉన్న ఆ ఒక్కరినీ మరొకరితో కలిపే పని ఎవరైనా పూనుకుని చేయాలి.

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి కారణం ఉంది. 2022 జూన్‌లో, సైన్యంలోకి నాలుగేళ్ళకు చేర్చుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించారు. నాలుగేళ్ళు ముగిశాక 25 శాతం వరకే కొనసాగిస్తారు, మిగిలినవారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి వస్తారు. మొదటి బ్యాచ్ 2023 జనవరి నాటికి శిక్షణలో చేరింది కాబట్టి వారి నాలుగేళ్ళు నిండే కాలం ఇదే. నేను 43 ఏళ్ళకు కళాశాలకు వచ్చాను, వారు 22, 23 ఏళ్ళకే వస్తారు. సైన్యంలో పొందిన శిక్షణకు సగం క్రెడిట్లు ఇచ్చే డిగ్రీని ఇగ్నో వారికోసం రూపొందించింది, అది మంచి పనే. అయితే దూరవిద్యలో పుస్తకాలు ఇంటికి వస్తాయి, పక్క బెంచీ రాదు. వారికి నావలె పింఛను కూడా లేదు. మా ఊరి కుర్రాడొకడు సెలవు మీద వచ్చినప్పుడు, తిరిగి వచ్చాక డిగ్రీలో చేరితే తన తమ్ముడి క్లాసులో కూర్చోవాలి కదా అన్నాడు, ఆ తరువాత చాలాసేపు మాట్లాడలేదు. కూర్చోమని చెప్పాను. మొదటి పరీక్షలో తక్కువ మార్కులు వస్తే దాచుకోవద్దని కూడా చెప్పాను.

మా ప్రిన్సిపల్ గారిని మేము అడిగినది చిన్న కోరిక: ప్రవేశాలు ముగియగానే ఆ గడిలో టిక్కు పెట్టినవారందరినీ ఒకరోజు ఒక గదిలో కూర్చోబెట్టమని, కేంద్ర దళాలవారిని కూడా అందులో కలపమని. వచ్చే సంవత్సరం నుంచి చేస్తామన్నారు. జిల్లాలోని డిగ్రీ కళాశాలలకు కూడా ఇదే ఉత్తరం రాస్తున్నాము, ముసాయిదా నేనే రాశాను, ఈసారి మూడు పేజీలు వచ్చింది.

అంతవరకు, ఈ వైపు నుంచి విజయనగరం వెళ్ళి చదువుకుంటున్న మాజీ సైనికులెవరైనా ఉంటే, ఉదయం పాసింజరు బండిలో మేము వెనుక నుంచి రెండో పెట్టెలో ఉంటాము. నేను చీపురుపల్లిలో ఎక్కుతాను. గరివిడిలో ఆ అమ్మాయి ఎక్కి, తన సీటు చూసుకునేలోపే, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఒక్కొక్కరి పేరే పిలిచి చూసుకుంటుంది.